ఢిల్లీ దాటి ఇరవై

రేణిగుంట రన్‌వే కంచెకి ఇవతల
మునస్వామి మామ చెనిక్కాయ చేను.
ఆదివారం, కాలేజీ లేదు.
అమ్మకి జ్వరమని
ఆమె మునుం నేను పట్టినాను.
పదిమందిమి, పది సాళ్ళు,
చేతిలో తొలిక, గొంతుకూర్చుని నడక.

మా వాళ్ళకి గడియారం లేదు, విమానాలున్నాయి.
హైదరాబాదుది దిగితే చేలో దిగేది,
ఢిల్లీది తలమీద అరిస్తే సద్ది విప్పేది.
ఒక చలికాలం అది మంచులో ఆడనే నిలబడిపోతే
మధ్యాన్నం రెండు దాకా ఇక్కడెవురూ సంగటి ముట్టలేదంట.
చెప్పింది దేశమ్మ.
దేశమ్మ మాటల్లో సగం కలుపే, ఏరుకోవాల.

ఫోను తీసి చూసినాను.
చిన్న పసుపు బొమ్మ, ముక్కు మా వైపు.
పదహారు వందల అరవై కిలోమీటర్లు,
రెండు గంటల నలభై అయిదు నిమిషాలు.
"మనం ఈడ కూర్చున్నప్పుడే
అది ఆడ లేచింది" అన్నాను.
చెంగమ్మత్త వెనక్కి తిరిగి
తాను వచ్చిన దోవ చూసుకునింది.
మూడు సాళ్ళు.
వేర్లు పైకి పెట్టి వాడిపోతా ఉన్న గరిక, తుంగ.

"అంత దూరం ఎట్ల వస్తారు పాపా?"
"కూర్చునే, అత్తా."
"మనమూ కూర్చునే కదమ్మే పోతాండేది!"
సుబ్బరత్న మాటకి సాళ్ళన్నీ నవ్వినాయి.
నాకు నవ్వు రాలేదు,
లెక్క వచ్చింది.

సాలు నూరు మీటర్లు.
రోజుకి ఏడు సాళ్ళు.
ఏడాదికి ఎనభై దినాల కూలి,
వాన పడితే. పడకపోతే ఆ లెక్క వేరే.
అత్త ఈ ఊరికొచ్చి ముప్పై ఏండ్లు.
తొలిక మొనతో గెనిమ మీద గుణించినాను.
పదహారు వందల ఎనభై.

"అత్తా, నువ్వు ఢిల్లీ చేరినావు."
"చేరినానా?"
"చేరి ఇంకో ఇరవై కిలోమీటర్లు దాటినావు."

తొలిక కింద పెట్టింది.
ఆ చేతులు ఊరికే ఉండగా
నేను చూడ్డం అదే మొదటిసారి.
"ఆ ఇరవైకీ కూలి ఎవురిచ్చేది?"

మునస్వామి మామకి ఉన్నట్టుండి
మోటరు చూసుకునే పని పడింది.

"దోవలో ఏయే ఊర్లు తగుల్తాయి?" అనింది మళ్ళీ,
తలెత్తకుండా, గరిక పెకలిస్తా.
చదివినాను.
బెజవాడ. "ఆరో ఏడు. చిన్నది పుట్టింది ఆడనే."
వరంగల్లు. ఏమీ అనలేదు.
రెండు తుంగ దుబ్బులు మాత్రం గట్టిగా పీకింది.
నాగపూరు. "ఎనుము అమ్మింది. బోరు ఎండిన ఏడు."
ఆగ్రా.
"ఆ, ఆగ్రా కాడ" అని కుడి మోకాలు తట్టింది,
"ఇది పట్టేసింది."

అప్పుడొచ్చింది పైన.
చక్రాలు బయటికి చాపుకొని,
పొట్ట మీద అక్షరాలు కనపడేంత కిందికి.
కిటికీల్లో తలకాయలు, చెనిక్కాయ గింజలంత.
దాని నీడ
మా పది సాళ్ళనీ ఒక్క అంగలో దాటింది.
ఒక్క గరిక తెగలేదు.

సద్దులు విప్పినాము. సంగటి, ఊరిబిండి.
నేను రాసిన అంకె మీద
సుబ్బరత్న గిన్నె పెట్టింది.
కంచెకి అవతల, వచ్చినోళ్ళు దిగుతా ఉన్నారు,
నడుములు విరుచుకుంటా,
చేతులు పైకి చాపుకుంటా,
అంతసేపు కూర్చొని కాళ్ళు పట్టేసినాయేమో.

"పాపం" అనింది చెంగమ్మత్త.
నిజంగానే అనింది.
చేయి కడుక్కొని,
గెనిమ ఊతంగా లేచి
మళ్ళీ కూర్చునింది,
నాలుగో సాలు మొదట్లో.